చెవిలో చదవాల్సిన ముక్క

అమ్మమ్మా,

విశాఖలో నేను కులాసా. కళ్లలో చుక్కలు మానకుండా వేసుకుంటున్నావా?

చిన్నప్పుడు నాన్న పారాదీప్ నుంచి రాసే కార్డుల్ని మన పోస్టుమ్యాన్ అప్పలసూరి మావ అరుగు మీద పైకి చదువుతుంటే, నౌపడ ఉప్పుమడుల నుంచి వచ్చేవాళ్లు కూడా తట్టలు దించి వినేవారు. ఇప్పుడు నా మాటలూ ఆ మావ గొంతులోనే నీకు వినిపించాలని, ఫోనున్నా నేను కార్డే రాస్తాను.

నిన్న ఆసుపత్రిలో, వెంటిలేటర్లు చూసే మా అందరికీ చట్టం, నీతి మీద క్లాసు పెట్టారు. రోగి సంగతి బయటివాళ్లకు చెప్పకూడదన్నది మొదటి పాఠం. అది విన్నాక తల ఎత్తలేకపోయాను.

మావా, ఇక్కడి నుంచి అమ్మమ్మ చెవిలో చదువు.

ఆయాసంతో మా వార్డులో చేరిన మన ఊరి కొట్టు ఆవిడ పేరు పోయిన కార్డులో రాశాను కదా. మొన్న మందులకు వచ్చినప్పుడు ఆవిడ, "నీ కార్డు ఊరంతా ఇనేసినాది పిల్లా, జబ్బు అంటుకుంటాదని నా కొట్టుకాడికి ఎవులూ రాడం నేదు" అని కళ్లు తుడుచుకుంది. తప్పు నాదే. నువ్వు రేపే ఆ కొట్టుకి వెళ్లు. జబ్బు మాట ఎత్తకు. ఎప్పటిలాగే బెల్లం కొనుక్కుని, కాసేపు కూర్చుని రా.

ఇక పైకి చదువు మావా: అరుగు మీదున్న అందరినీ అడిగానని చెప్పు.

నీ భవాని