తలుపు మీది పెద్ద నక్షత్రం

అమ్మాయీ,

ఇక్కడ అందరం బాగున్నాం, బుజ్జిదానికి దగ్గు తగ్గింది. కార్డు చిన్నది, నేను చేసిన ఘనకార్యం పెద్దది, అందుకని సూటిగా చెప్పేస్తున్నాను. చలికాలం సెలవులిచ్చారు కదా, కాగితంతో నక్షత్రాలు చేద్దామని నీ కూతురు నా కొంగు వదల్లేదు. నీ కుట్టుమిషను కింద ఖాకీ కాగితాల కట్ట కనిపిస్తే చిత్తు కాగితాలనుకున్నాను. ఇద్దరం పిండి జిగురు ఉడికించి, జుట్టుకీ ముక్కుకీ పూసుకుని, పందొమ్మిది చేశాం. తీరా అంటించాక చూస్తే ఒక్కోదాని మీద నీ రాత! గౌన్లూ జాకెట్లూ కుట్టడానికి నువ్వు కొలతలేసి దాచుకున్న కాగితాలట. మీ ఆయన "కొంప ముంచావు కదే అమ్మా!" అని పడీపడీ నవ్వాడు. తిడితే నన్ను తిట్టు, పిల్లని కాదు.

మీ అమ్మగారి కాలికట్టు విప్పారా? పాలగిన్నె మూత ఎక్కడ పెట్టావు?

తలుపు మీద పెద్ద నక్షత్రంలో "టీచరమ్మ, చెయ్యి పొడవు తొమ్మిది, బిగుతు వద్దంది" అని ఉంది. "నానమ్మా, అమ్మ ఏం రాసింది?" అని బుజ్జిది అడిగితే, "ఆదివారం వచ్చేస్తున్నా" అని చదివాను. ఇక వచ్చినవాళ్లందరికీ వేలు పెట్టి అదే చదివి వినిపిస్తోంది. నిన్న జాకెట్టు కోసం టీచరమ్మే వచ్చింది. తన కొలత తను చూసుకుని కూడా, "అవునమ్మా, ఆదివారమనే ఉంది" అంది.

ఇక నా పరువూ, టీచరమ్మ పరువూ నీ చేతిలోనే ఉన్నాయి. చల్లగా ఉండు తల్లీ.

కత్తెర దాచేసిన మీ అత్తయ్య