సున్నా మీద అనుమానం

చెల్లాయికి అన్నయ్య దీవెనలు. ఇక్కడ మేమంతా కులాసా, మీ వదినకి దగ్గు తగ్గింది. నువ్వూ కులాసానే అని రాశావు గానీ, అది మాత్రం నేను నమ్మలేదు. అక్షరాలు వంకరటింకరగా పోతుంటే తెలియదూ? రేడియో తరంగాలతో రెయిన్‌కోట్లు అతికే ఆ మెషీన్ పెడల్ తొక్కినప్పుడల్లా నీ వేళ్ళు లోపల్నుంచి వేడెక్కుతున్నాయనీ, సాయంత్రానికి గ్లాసు కూడా పట్టుకోలేకపోతున్నావనీ అమ్మ చెప్పింది. నా దగ్గర దాచడమేమిటే?

ఇక నువ్వడిగిన దానికొస్తాను. "మీటరు సున్నా చూపించింది, నాదంతా నటన అంటున్నారు. నిజంగా నా భ్రమేనా అన్నయ్యా?" అన్నావు. భ్రమా కాదు, పాడూ కాదు. ఆ తరంగాల్ని కొలిచే మీటర్లు అద్దెకిచ్చే చోటే కదా నా ఉద్యోగం. నడుస్తున్న ఆ మెషీన్ పక్కన సున్నా రావడమంటే మండే పొయ్యి చల్లగా ఉందనడమే.

కొలిచే అతను మీటరుకి తగిలించే ప్రోబ్ చేత్తో పట్టుకుని నీకూ మెషీన్‌కీ మధ్య నిలబడ్డాడన్నావు. మనిషి ఒళ్ళు దగ్గరుంటేనే విద్యుత్ క్షేత్రం అటూ ఇటూ అయిపోతుంది. నిన్ను లేపి, నీ చేతులుండే చోట ప్రోబ్‌ని ప్లాస్టిక్ స్టాండుకి బిగించి, పెడల్ తొక్కిన ఆ కాసేపూ చూడాలి. పోనీ, అతనికి పని రాదని సరిపెట్టుకుందును. కానీ ప్రోబ్ కొసన గుండు నల్లగా ఉందని రాశావే, అక్కడ పట్టుకుంది నాకు అనుమానం. నల్లగుండు సెల్ టవర్ల కోసం. మీ మెషీన్ ఫ్రీక్వెన్సీ బాగా తక్కువ, అది దానికి కనబడనే కనబడదు. కనబడనప్పుడు సున్నా అనే చూపిస్తుంది.

రిజిస్టరు తిరగేస్తే, ఆ నల్లగుండు వెళ్ళింది మా స్టోరు నుంచే. స్టోరు చూసే ఆయన్ని మెల్లిగా కదిపాను.

"మీ బావగారే వచ్చి తీసుకెళ్ళారు. ఈ పనికి తెల్లగుండు కావాలండీ అన్నాను. వినలేదు, నల్లదే ఇమ్మన్నారు."

ఈ సంగతి రాయాలా వద్దా అని ఇంతసేపూ నీళ్ళు నమిలాను. అందుకే ఉత్తరం మీ ఇంటికి కాకుండా అమ్మ ఇంటికి పంపుతున్నాను. మీ ఆయనకి తేడా తెలియక కాదమ్మా. మొన్న భోజనానికొచ్చినప్పుడు ఏ ప్రోబ్ దేన్ని చూడదో గుచ్చిగుచ్చి అడిగారు. నా పనంటే ఎంత ఆసక్తో అని మురిసిపోయి అంతా చెప్పాను. మీ మెషీన్ల లైను ఆగితే సూపర్‌వైజరుగా ఆయన మెడకే చుట్టుకుంటుంది మరి.

అయినా నా అనుమానం అబద్ధమైతే బాగుండుననుకున్నాను. నిన్న ఫోన్ చేసి, ఏమీ ఎరగనట్టు, "సున్నానే కదా బావా, చెల్లాయికి సెలవిచ్చి ఓ వారం ఆ సీట్లో మీరు కూర్చోండి" అన్నాను.

"నాకేమన్నా పిచ్చా?" అన్నారు నవ్వుతూ.

ఫోన్ పెట్టేశాక నాకు ఏడుపొచ్చింది. రేపట్నుంచి ఆ పెడల్ మీద కాలు పెట్టకు. ఎవరేమన్నా సరే, ఆయనన్నా సరే. నేను బయల్దేరుతున్నాను.

ఇట్లు,
నీ మాటే నమ్మే
అన్నయ్య