దుప్పుల చెలకలో అలసంద

జూన్ 12, ఆర్మూర్

మానస అన్నది తప్పు. సిరికొండ అడవి పక్కన ఉన్న మన మెట్ట చెలక పడావు పడి బీడు కాలేదు. నాలుగేళ్లుగా దుప్పుల మేతకు వదిలాను. పడావు పడటం వేరు, వదలడం వేరు. అగ్రికల్చర్ బీఎస్సీ చదివే మనవరాలికి కూడా ఈ తేడా నేనే చెప్పాలి. ముప్పై రెండేళ్లు బయాలజీ చెప్పింది చాలలేదు.

ఒక్క మాట నిజం. గడ్డి ముదిరింది. దుప్పులు మూతి పెట్టి చూసి, గట్టు దాటి నడిపయ్య మక్కజొన్న చేనులోకి పోతున్నాయి. నడిపయ్య నాకు మరిది వరస. కంకి పాలు పోసుకునే నాటికి చేను చుట్టూ కరెంటు తీగ కడతాడట. ముందే చెప్తున్న వదినా, తర్వాత నన్ను అనొద్దు, అన్నాడు. తీగ చుట్ట తెచ్చిపెట్టుకున్నాడు కూడా.

అంటే నాకు రెండున్నర నెలలు.

జూన్ 19

దున్నను. దున్నితే ఉన్న గడ్డీ పోతుంది. గడ్డి పొట్టిగా కోయించి, దాని మధ్యనే అలసంద, పిల్లిపెసర చల్లి, ఒక్క పూట గొర్రెలతో తొక్కిస్తే విత్తనం మట్టికి అంటుతుంది.

చెలక చూసుకునే లచ్చన్నకు తల తీసేసినట్టుంది. దున్నకుంట చల్లితే అంకాపూర్ రైతులు నవ్వుతరు టీచరమ్మా, అన్నాడు. నవ్వనీ, వాళ్లు మేపేది దుప్పులను కాదు కదా అన్నాను.

జూన్ 24

చల్లాం. వాన పడింది. ఎంకటి గొర్రెల మంద వచ్చింది. మోకాళ్లు నావి కావు.

జూలై 1

లచ్చన్న ముఖం వెలిగిపోతోంది. ఎంకటిని బతిమాలి మందను ఐదు రాత్రులు ఆపాడట. పసుపు చేలల్ల మంద కట్టించుకునేటందుకు జనం లైన్ల ఉంటరు, మనకు పెంట ఎరువు ఊకెనే వచ్చింది టీచరమ్మా, అన్నాడు.

మరి మొలకలు?

మొలకలు మంచిగనే లేచినయట. గొర్రెలు కూడా మంచిగనే తిన్నయట.

ఈ ప్రాంతంలో మంద పెట్టడమంటే రాత్రులు పెట్టడమే. అది నాకు ముందే తట్టాల్సింది. తిట్టడానికి ఓపిక లేదు.

జూలై 2

పడుకున్నాను.

జూలై 5

మళ్లీ చల్లాం. మంద లేదు. మానస, లచ్చన్న, నేను కాళ్లతో తొక్కాం. గట్టు మీద నిలబడి నడిపయ్య అడిగాడు: గొర్రెలు తక్కువైనయా వదినా? నువ్వు దిగితే లెక్క సరిపోతుంది అన్నాను.

ఆగస్టు 11

మోకాలెత్తు అలసంద. పెంట మహిమ. లచ్చన్న నేను ఎదురైనప్పుడల్లా ఆకాశం చూస్తున్నాడు. సిగ్గు కాదు, గర్వం.

పొద్దున ఏడు దుప్పులు వచ్చాయి. ఐదు చెలకలో ఆగాయి. రెండు మక్కలోకి పోయాయి. తీగకు రెండు చాలు.

ఆగస్టు 24, లచ్చన్న ఇల్లు

కంకి పాలు పోసుకుంది. నడిపయ్య గట్టు పొడుగునా కట్టెలు పాతాడు. పోయి చెప్పాను: రేపటి నుంచి రోజూ తెల్లవారుజామున ఐదింటికి నీ గట్టు మీద వాకింగ్. షుగర్‌కు మంచిది. చూపు తక్కువ, టార్చి మోయలేను.

బెదిరిస్తున్నవా వదినా, అన్నాడు. కాదు, టైంటేబుల్ చెప్తున్నాను అన్నాను.

ఆగస్టు 25

నడిచాను. ప్రతి అడుగూ చేతికర్రతో తడిమి వేశాను. భయం లేదని రాస్తే డైరీకి కూడా అబద్ధం చెప్పినట్టే. తిరిగొచ్చాక గుర్తొచ్చింది, చేతికర్ర ఇనుపది.

ఆగస్టు 29

గట్టు చివర నడిపయ్య రేకు డబ్బా పట్టుకుని కూర్చున్నాడు. దుప్పులను అదిలించడానికట. జర చూసి నడువు, బురద ఉంది, అన్నాడు.

సెప్టెంబర్ 2, ఆర్మూర్

లచ్చన్నకు పంపాల్సిన చీటీ: నడిపయ్య ఇంటికి పో. తీగ చుట్ట తీసుకుపొమ్మన్నాడు. ఏమీ అడగకు, నవ్వకు. ఆర్మూర్ బస్సులో వేసి తీసుకురా. బీర పందిరికి కావాలి. కటింగ్ ప్లేయర్ మరవకు.