వంటింటి గడప దాకా వైరు

మంగళవారం, రాత్రి

నా రాత బాగుండదు, తప్పులూ ఉంటాయి. మా ఆయన పాత వీడియో ఆటలు ఆడుకునే పెట్టె తయారుచేయడం ఈరోజు పూర్తి చేశారు. ఖాళీ స్వీటు డబ్బాలో చిన్న బోర్డు బిగించి టీవీకి కలిపారు. నాకూ ఆడాలని ఉంది, కానీ మామ ముందు హాల్లో కూర్చోలేను. ఆ మాట ఆయనకు చెప్పనే లేదు. అయినా రెండో రిమోటుకు వంటింటి గడప దాకా వచ్చే పొడుగు వైరు వేశారు. తలుపు చాటున కూర్చుని కార్ల పందెంలో ఆయన్ని ఓడించాను.

మామ టీవీ మీద నుంచి చూపు తిప్పకుండానే అడిగారు. "ఒరే, ఆ ఎర్రకారు తోలేది ఎవురురా? నీకంటే బాగా తోల్తా ఉండారే."

"నీ కోడలే, నాయనా."

"అట్లయితే ఈడికొచ్చి కూసోమను. ఆడ్నించి సరిగ్గా కనపడదు."

అన్నం చూడాలని లేచి లోపలికి వెళ్లిపోయాను. రేపు హాల్లోకి వెళతానో లేదో తెలియదు. వెళ్లాలని ఉందని రాసిన ఈ పేజీ ఎవరికైనా దొరికితే పొయ్యిలో వేసేయండి.