నన్ను తప్ప అందరినీ అడిగావు

స్రవంతి వాళ్ల బాపుకు,

సరోజన రాస్తున్నది. నమస్తే. నువ్వు పోయి నిన్నటికి ఏడాది నిండింది.

బతికున్నన్నాళ్లూ నిన్ను ‘మీరు’ అన్నాను. ఈ ఉత్తరంలో ‘నువ్వు’ అనే రాస్తాను. కోపంగా ఉన్నాను, ఏమనుకోకు... అనుకున్నా ఇప్పుడు నువ్వు చేసేదేముంది?

ఇంట్లో అందరం బాగున్నాం. స్రవంతి కరీంనగర్ హాస్టల్‌లో ఉండి డిగ్రీ రెండో ఏడు చదువుతోంది. మా అత్తకు, అదే మీ అవ్వకు, మోకాళ్ల నొప్పులు అట్లాగే ఉన్నాయి. ఏడాది మాసికం నిన్న సుల్తానాబాద్‌లో మన ఇంట్లోనే పెట్టాం. చుట్టాలు తక్కువ, నీ వీడియోల ఆడవాళ్లు ఎక్కువ. వాళ్లు తెచ్చిన దండలకు నీ ఫోటో మేకు చాలలేదు. ఇంకో రెండు మేకులు కొట్టించాను.

దాచుకోవడమెందుకు, చెప్పేస్తాను. వాళ్లంటే నాకు కుళ్లు. నువ్వున్నప్పుడూ కుళ్లే, ఇప్పుడూ కుళ్లే. తప్పుగా అనుకోకు, నీ మీద నాకు ఆ రకం అనుమానం ఏనాడూ లేదు. నా కుళ్లు వేరే.

నీకు గుర్తుందా, పెళ్లి వీడియోలు తీసుకుని బతికేవాళ్లం మనం. చొప్పదండిలో ఒక పెళ్లిలో తలంబ్రాలు పోస్తుంటే పెళ్లికూతురి తల్లి ఎక్కడా కనబడలేదన్నావు. వెతికితే వంటల దగ్గర గుంజ చాటున నిలబడి తొంగి చూస్తోందట. మొగుడు లేని మనిషి పందిట్లోకి రావద్దన్నారట. నువ్వు కెమెరా అటు తిప్పావు. ఆమే లచ్చవ్వ.

పెళ్లివాళ్లు తిట్టి ఆ ముక్క తీసేయమన్నారు. వాళ్లకు తీసేసి ఇచ్చావు, నీ దగ్గర మాత్రం ఉంచుకున్నావు. తర్వాత లచ్చవ్వను అడిగి, ఆమె కథంతా ఆమె నోటితోనే చెప్పించి వీడియో చేశావు. గోడలకు తెల్ల దుప్పటి కట్టి ఊరూరా చూపించావు. మొగుడు పోయిన ఆడదాని గాజులు పలగ్గొట్టొద్దని, పిల్లల పెళ్లిళ్లలో ఆమెను చాటుకు నెట్టొద్దని. ఆ ఒక్కదానితో ఆగావా? ఎల్లవ్వ, ఇచ్చోడ రుక్మాబాయి... ఒకరి తర్వాత ఒకరు.

“మూడుసార్లు పోయి చాయ్ తాగినంకనే సంచిల నుంచి కెమెరా తియ్యాలె” అనేవాడివి. “ఆమె ఊకున్నంత సేపు మనం గూడ ఊకోవాలె. మనమే మాట్లాడితే ఆమె ఎప్పుడు మాట్లాడుతది?” అనేవాడివి. ఎంత మంచి మాటలు! మరి నా దగ్గర ఎన్నిసార్లు ఊకున్నావు? నేను రెండో మాట ఎత్తేసరికి “జర తొందరగ చెప్పు, పనుంది” అనేవాడివి కదా. చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుంటే లచ్చవ్వ ఎక్కడ ఊపిరి పీల్చుకుంటుందో కూడా నీకు తెలిసేది. నేను దవడపన్ను పీకించుకుని వచ్చిన నాలుగో రోజుకు “ఎందుకట్ల మాట్లాడుతున్నవ్?” అన్నావు.

నువ్వు పోయాక నీ హార్డ్ డిస్క్ తెరిచాను. ఎట్లా తెరవాలో స్రవంతి చూపించింది. ఒక్కొక్క ఆడమనిషికి ఒక్కో ఫోల్డర్. నా పేరు మీద వెతికాను. లేదు. ‘పనికిరానివి’ అని రాసిపెట్టుకున్న దాంట్లోనైనా ఉంటానేమోనని చూశాను... అందులో కూడా లేను.

ఆఖరి చాయ్ కూడా ఇచ్చోడలో, రుక్మాబాయి ఇంట్లోనే తాగావు. గుండె పట్టుకుని అక్కడే ఒరిగిపోయావట. నీ ఆఖరి మాట ఏమిటో ఆమెకు తెలుసు, నాకు తెలియదు. నేను అడగలేదు. ఎందుకు అడగాలి?

నీ పదో దినం సంగతి నీకు చెప్పాలి. ముందు రోజే లచ్చవ్వ దిగింది, ఇంకో ముగ్గురిని వెంటేసుకుని. వచ్చీ రాగానే నీ ఫోటో ముందు కూలబడి శోకాలు పెట్టింది. నేనే పోయి ఓదార్చాల్సి వచ్చింది. పోయింది నా మొగుడా, ఆమె మొగుడా?

పొద్దున కాలువ గట్టుకు తీసుకుపోయారు నన్ను. మోచేతుల దాకా కొత్త ఆకుపచ్చ గాజులు తొడిగించారు, పలగ్గొట్టడానికే. మొగుడు లేని ఆడవాళ్లే ఆ పని చేయాలి కదా, రాయి మీ అవ్వ చేతిలో ఉంది. లచ్చవ్వ అడ్డం వచ్చి, “గా పని చెయ్యొద్దని నీ కొడుకే గద ఊరూరు తిరిగి చెప్పిండు” అన్నది.

మీ అవ్వ ఆమె మొహంలోకి చూసింది. “నాకు చెప్పిండా?” అన్నది.

నిజమే కదా... ఒక్క వీడియో అయినా మన ఇంట్లో చూపించావా? అవ్వకేం అర్థమైతది అనుకున్నావా? లేక ఆమె ఏదైనా అడుగుతుందని భయపడ్డావా?

ఆ పూట నేను చేసింది నీకు ఎవరూ చెప్పి ఉండరు. నేను రెండు చేతులూ చాపి, “పలగ్గొట్టు అత్తా” అన్నాను.

గాజులు ఉంచుకోవాలని లేక కాదు. రేపు స్రవంతి పెళ్లిలో గుంజ చాటున నిలబడాలని ఎవరికుంటుంది? కానీ లచ్చవ్వ పుణ్యాన నా చేతులకు గాజులు మిగలడం మింగుడు పడలేదు. నా మొగుడి మాట నాకు ఆమె చెప్పాలా? ఆమె ముందు గెలవడానికి నా చేతులు నేనే బోడి చేసుకోబోయాను. కుళ్లు ఎంత పని చేయిస్తుందో చూశావా?

మీ అవ్వ రాయి ఎత్తలేదు. “ముందుగాల నాకది చూపెట్టుండ్రి” అన్నది. లచ్చవ్వ తన ఫోన్ ఇచ్చింది. మీ అవ్వ గట్టు మీదే కూర్చుని చూసింది. అందులో నువ్వు కనబడవు, లచ్చవ్వను అడిగే నీ గొంతే వినిపిస్తుంది. “అవ్వా, గా దినం నువ్వు యాడున్నవ్? నిమ్మలంగ చెప్పు, నాకేం తొందర లేదు.” మీ అవ్వ ఫోన్‌ను చెవికి ఆనించుకుంది. ఆ ముక్కనే మళ్లీ మళ్లీ పెట్టించుకుంది. తర్వాత నా వైపు తిరిగి, “నన్నెన్నడన్న గింత నిమ్మలంగ అడిగిండా పిల్లా?” అన్నది.

ఇన్నాళ్లూ నేనొక్కదాన్నే కుళ్లుకుంటున్నాననుకున్నాను.

“మీ పెండ్లిల నేను యాడున్ననో నీకెరికేనా?” అన్నది మళ్లీ. నాకు గుర్తు రాలేదు. నిజంగా గుర్తు రాలేదు... “పొయ్యికాడ. పప్పు కలుపుకుంట కూసున్న. ఎవ్వలు పిలువలే. మీరిద్దరు గూడ పిలువలే.” అంతే, రాయిని కాలువలోకి విసిరేసింది. కులపెద్దలు గొణుక్కున్నారు. ఆమె నా చేయి పట్టుకుని ఇంటికి తీసుకొచ్చింది. లచ్చవ్వ వెనకాల వచ్చింది.

నీ దుప్పటి, నీ ప్రొజెక్టర్ ఇప్పుడు నేనూ లచ్చవ్వా మోస్తున్నాం. మీ అవ్వ కథ కూడా తీశాను. కెమెరా సరిగ్గా పట్టడం రాక సగం సేపు ఆమె నెత్తి కనబడనే లేదు, అయినా చూసిన వాళ్లంతా ఏడుస్తున్నారు. పోయిన నెల పక్క ఊళ్లో ఒకామెను ఆమె కొడుకే తన పెళ్లి పందిట్లోకి పిలిచి ముందు వరుసలో కూర్చోబెట్టాడు. ఆమె చేత అక్షింతలు కూడా వేయించుకున్నాడు. నాకు సంతోషం కాలేదంటావా? అయింది. కానీ ఊరంతా “సదన్న పుణ్యం, సదన్న పుణ్యం” అన్నారు. మోసింది నేను, పుణ్యం నీది! ఇంటికొచ్చేదాకా లచ్చవ్వతో కూడా మాట్లాడలేదు.

మీ అవ్వ తక్కువదేం కాదు. ఏ ఊరికి పోయి వచ్చినా “నాది పెట్టిండ్రా? ఎంతమంది చూసిండ్రు?” అని అడుగుతుంది. ఇప్పుడు ఆమె మీద కూడా కుళ్లు నాకు.

నిన్న మాసికం అయ్యాక అందరూ వెళ్లిపోయారు. నీళ్ల గోళెం దగ్గర గిన్నెలు తోముతుంటే మీ అవ్వ పీట తెచ్చుకుని నా పక్కన కూర్చుంది. “అందరి సంగతులు అయినయ్. నీ సంగతేంది పిల్లా? గిన్నేండ్లు వానితోని ఎట్లుంటివి?” అన్నది.

ఇరవై రెండేళ్లలో ఆ మాట నన్ను అడిగిన మొదటి మనిషి ఆమె.

గిన్నెలు అట్లాగే వదిలేశాను. స్రవంతి ఫోన్ తీయబోతే వద్దన్నాను. దీపాలు పెట్టే వేళ దాకా చెప్పాను. మీ అవ్వ మూడుసార్లు నవ్వింది, రెండుసార్లు నిన్ను తిట్టింది, ఒకసారి నన్ను దగ్గరకు తీసుకుంది. నా గురించి నీకు తెలియనివి ఎన్ని ఉన్నాయో చెప్తుంటే నాకే ఆశ్చర్యమైంది.

ఏం చెప్పానో నీకు రాయను. ఎందులోనూ ఎక్కించలేదు, ఏ ఊళ్లోనూ చూపించం. నువ్వు అడిగి ఉంటే నీకే చెప్పేదాన్ని కదా...

ఇంక నీ వంతు. కుళ్లుకో.

ఉంటాను,
సరోజన