దద్దోజనం వెనక ఆకాశం

వాన్ (కెనడా), ఫిబ్రవరి 3

చిరంజీవి చక్రధర్‌కు విశాలాక్షి పిన్ని ఆశీస్సులు.

మా పక్కింటి రత్నకుమారి గారు ఉత్తరాన రాత్రి ఆకాశంలో వెలిగే నార్తర్న్ లైట్స్ చూసొచ్చి రెండేళ్లయింది. ఇప్పటికీ టీకి పిలిచి, టీ చల్లారేదాకా ఆ ఆకుపచ్చ ఫొటోలే చూపిస్తుంది. నేనూ చూసి తీరాలి, లేకపోతే ఈ వీధిలో తలెత్తుకోలేను. శుక్రవారం రెజైనా వస్తున్నా. శనివారం రాత్రి ఎనిమిదిన్నరకు వర్జ్యం వెళ్లిపోతుంది, ఆ తర్వాత చూపించు.

ఇట్లు, పిన్ని

తా.క.: టికెట్ ముందు వరసలో తీసుకో.

రెజైనా, ఫిబ్రవరి 4

పిన్నికి నమస్కారాలు.

టికెట్లూ లేవు, వరసలూ లేవు. గంట డ్రైవ్ చేసి, పొలాల మధ్య కారాపుకుని ఎదురుచూడాలి. ఆకాశానికి వర్జ్యం పట్టింపు లేదు గానీ, శనివారం ఫోర్‌కాస్ట్ బాగుంది. మైనస్ ఇరవై ఎనిమిది డిగ్రీల చలి. మీ కోడలు రూప తన స్నో ప్యాంటు ఇస్తానంది.

నీ చక్రి

తా.క.: దద్దోజనం తేకు, గడ్డకడుతుంది.

వాన్, ఫిబ్రవరి 10

చక్రధర్‌కు,

క్షేమంగా చేరాను. మనసే బాగాలేదు. సొంత అక్క కొడుకువి. నా చేత స్నో ప్యాంటులోకి చీర కుక్కించి, అంత దూరం తీసుకెళ్లి చూపించిందేమిటి? కుక్కర్ ఆవిరిలా ఓ తెల్లటి మబ్బు. రత్నకుమారి గారికి వాళ్ల అల్లుడు ఆకుపచ్చది చూపించాడు, నువ్వు నాకు నాసిరకం చూపించావు. ఆవిడకు ఏం చెప్పుకోను?

విశాలాక్షి

తా.క.: దద్దోజనం నిజంగానే రాయయింది. మీ అమ్మకి పంపుదామని, డబ్బా పైకెత్తి అక్కడే ఫొటో తీశాను.

రెజైనా, ఫిబ్రవరి 11

పిన్నికి,

నువ్వు చూసింది అసలుదే. చాలాసార్లు మన కంటికి తెల్లగానే ఉంటుంది, ఫోన్ కెమెరాకే ఆ పచ్చదనం దొరుకుతుంది. నేను ఫొటో తీయబోతే, దేవుడి వెలుగుకి ఫోన్ చూపించకూడదు, దండం పెట్టుకోమని నా చేతులు పట్టుకున్నది నువ్వే.

చక్రి

తా.క.: ఆ దద్దోజనం ఫొటోలో డబ్బా వెనక ఏముందో చూడు.

వాన్, ఫిబ్రవరి 12

మా బంగారు చక్రికి పిన్ని దీవెనలు.

చూశాను. డబ్బా వెనక ఆకాశమంతా పచ్చగా ఉంది. కుడి బూటు ఎడమకాలికి వేసుకుని రత్నకుమారి గారింటికి పరిగెత్తాను. నేను ఫోన్ తీసేలోపే ఆవిడ తలుపు దగ్గరగా వేసి, "వదినగారూ, నిజం చెప్పండి, మీకు ఏ రంగులో కనిపించింది?" అంది.

ఆవిడకీ తెల్లగానే కనిపించిందట. అల్లుడి ఫొటోలు చూశాక తన కళ్లే పాడయ్యాయని రెండేళ్లుగా భయపడుతోందట. ఎవరైనా తమకీ తెల్లగానే కనిపించిందంటారేమోనన్న ఆశతో అందరికీ ఆ ఫొటోలు చూపించేదట.

ఫోన్ కోటు జేబులో పెట్టేశాను. నాకూ తెల్లగానే కనిపించిందని, ఆవిడ కళ్లకేమీ కాలేదని చెప్పాను. ఆవిడ ఏడ్చింది. నాకూ ఆగలేదు. రెండేళ్లలో మొదటిసారి ఆ ఇంట్లో టీ వేడిగా తాగాను.

ఇట్లు, పిన్ని

తా.క.: మార్చిలో ఇద్దరం వస్తున్నాం. రూపని ఇంకో స్నో ప్యాంటు చూడమను. ఈసారి దద్దోజనం ఆవిడ చేస్తుంది, ఫొటో మాత్రం ఎవరూ తీయకూడదు.