కళ్లజోడు లేని ఆదివారం

ఆబిడ్స్,
15 జూన్ 1953

ప్రియమైన కరుణకు, ప్రభువు పేర నాన్న దీవెనలు.

నువ్వు మెదక్ వెళ్తూ సర్దుకున్న సంచిలో నా కళ్లజోడు కూడా ఉంటుంది, వెతుకు. నిన్న చర్చిలో ప్రార్థన చదివించడానికి ముందుకెళ్లి పుస్తకం తెరిచాక గానీ అది లేదని నాకు తెలియలేదు. ఇరవై ఏళ్లుగా చదువుతున్న ప్రార్థనే, ఒక్క ముక్క గుర్తు రాలేదు. అందరి ముందూ నోరెళ్లబెట్టి నిలబడ్డాను.

నాంపల్లి స్టేషన్ ఊడ్చే పోశవ్వ లేచి, "ఏంది సారూ, కండ్లద్దాలు లేకుంటే దేవునితోని మాట్లాడరాదా?" అంది. అందరూ నవ్వారు. నాకూ నవ్వొచ్చింది.

కళ్లు మూసుకున్నాను. మీ అమ్మ పోయినప్పటి నుంచి దేవుడి మీద దాచుకున్న కోపమంతా అందరికీ వినబడేలా ఆయనకే చెప్పేశాను. కోపం అయిపోయాక స్తోత్రం దానంతటదే వచ్చింది. నేను ఆమెన్ అనేసరికి వెనక బల్ల మీద ఇంకెవరో తమ ప్రార్థన మొదలుపెట్టారు. పదకొండుకే ఇళ్లకు పరుగెత్తే మనవాళ్లు ఒంటిగంట దాటినా కదల్లేదు.

"ఔ, గిట్ల మాట్లాడాలె," అని పోశవ్వ నన్ను మెచ్చుకుంది.

అక్షరాలు వంకరగా ఉన్నాయని బెంగపడి కళ్లజోడు వెంటనే పంపేవు. వచ్చే ఆదివారం దాటాక పంపు.

మీ నాన్న